ఫోనుకు తాళం వెయ్యాలా?

2012లో సిమాంటెక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ యాభై స్మార్ట్‌ఫోన్లను కావాలనే పారేసింది. న్యూయార్క్, వాషింగ్టన్, లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, కెనడాలోని ఒటావా నగరాల్లో లిఫ్టుల్లోనూ, షాపింగ్ మాల్స్‌లోనూ, బస్సులాగే చోట్లా వాటిని వదిలిపెట్టింది. ఒక్కదానికీ తాళం లేదు. అన్నిటిలోనూ ఉత్తుత్తి సమాచారం నింపి, దొరికినవాళ్ళు ఏది ఎప్పుడు తెరుస్తున్నారో దూరాన్నుంచి చూసే ఏర్పాటు చేసింది.

నూటికి తొంభై ఆరు ఫోన్లను ఎవరో ఒకరు తెరిచి చూశారు. 72 శాతం ఫోన్లలో సొంత ఫొటోలు చూశారు. 57 శాతం ఫోన్లలో పాస్‌వర్డ్‌లు దాచినట్టుగా పేరుపెట్టిన ఫైలును తెరవబోయారు. 43 శాతం ఫోన్లలో బ్యాంకు యాప్‌ను నొక్కారు. సొంతదారు నంబరు ఫోన్‌బుక్‌లో ఉన్నా, తిరిగి ఇవ్వడానికి ప్రయత్నించినవాళ్ళు సగం మందే.

వీళ్ళంతా దొంగలని అనుకోవడానికి లేదు. దారిన పోతుంటే ఫోను దొరికింది, తెర మీద వేలు పెడితే తెరుచుకుంది, లోపల ఏముందోనని చూశారు. ఎవరి ఫోనైనా పరాయి చేతిలో పడితే మొదట జరిగేది ఇదే. దొంగతనం సంగతి ఆ తర్వాత.

అయినా తాళం వెయ్యనివాళ్ళు తక్కువేమీ కాదు. 2017 జనవరిలో ప్యూ పరిశోధన సంస్థ వెల్లడించిన సర్వేలో అమెరికా స్మార్ట్‌ఫోన్ వాడకందార్లలో 28 శాతం మంది తమ ఫోనుకు ఏ తాళమూ లేదన్నారు. ఎందుకని అడిగితే వచ్చే జవాబులు ఎక్కడైనా ఒకటే. "నా ఫోనులో దాచుకోవడానికేముంది?" "గంటకు పదిసార్లు ఆ అంకెలు ఎవరు కొడతారు?" "దారిలో ఏదైనా జరిగితే ఇంటికి ఫోన్ చేసేదెలా?" "మరిచిపోతే?" వీటిలో ఒక్కటీ తీసిపారెయ్యాల్సింది కాదు. తాళం లోపల ఏం జరుగుతుందో తెలిస్తే వీటిని తూచి చూడవచ్చు.

నా ఫోనులో ఏముంది?

విజయవాడ నెహ్రూ బస్‌స్టేషన్‌లో దిగుతూ ఒకాయన ఫోను సీటులోనే మరిచిపోయాడనుకుందాం. తాళం లేదు. తీసినవాడు ముందు గ్యాలరీ తెరుస్తాడు. పిల్లల ఫొటోల నడుమ ఆధార్ కార్డు ఫొటో ఉంటుంది, అమ్మాయి హాస్టల్ అడ్మిషన్ కోసం తీసింది. కాస్త కిందికి జరిపితే బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. ఇంకాస్త కిందికి డెబిట్ కార్డు, తమ్ముడు అడిగితే వాట్సాప్‌లో పంపినప్పటిది, ముందూ వెనకా.

"అయితేనేం? యూపీఐ పిన్ తెలియందే డబ్బు కదలదు కదా" అనవచ్చు. నిజమే. ఫోను తాళమూ యూపీఐ పిన్నూ రెండూ వేరు. కానీ యూపీఐ యాప్‌లో "పిన్ మరిచిపోయాను" అని చెప్పుకునే దారి కూడా ఉంది. డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఆ పైన ఓటీపీ అడుగుతుంది. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, అక్కడ అడ్డు పడుతుంది. అడగని చోట కార్డు వివరాలు గ్యాలరీలోనే ఉన్నాయి. ఓటీపీ వచ్చేది వాడి చేతిలో ఉన్న ఈ ఫోనుకే. ఆధార్ నంబరుతో పిన్ మార్చుకునే పద్ధతిలోనూ చివరికి ఓటీపీ చేరేది ఆధార్‌కు జతచేసిన నంబరుకు. అదీ ఇందులోని సిమ్మే. ఇక యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలకు పిన్ అక్కర్లేదు. అందులో 5,000 రూపాయల దాకా ఉంచుకోవచ్చు.

డబ్బుకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. 2014లో కొందరు పరిశోధకులు తాళం వేసేవాళ్ళనూ వెయ్యనివాళ్ళనూ కూర్చోబెట్టి మాట్లాడారు. చాలామంది తమ ఈమెయిల్‌ను దాచుకోవాల్సిన వస్తువుగా లెక్కే వెయ్యలేదు. నిజానికి ఏ ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయినా కొత్తది పెట్టుకునే లింకు వచ్చేది ఈమెయిల్‌కే. ఒక్క ఈమెయిల్ చేతికి దొరికితే మిగతా ఖాతాలు వరసగా వస్తాయి. మునుపు మన ఉనికిని నిరూపించడానికి సంతకం, రేషన్ కార్డు, తెలిసినవాళ్ళ సాక్ష్యం ఉండేవి. ఇప్పుడు బ్యాంకు, ప్రభుత్వం, ఉద్యోగమిచ్చిన సంస్థ అందరూ "మీరు మీరేనా?" అని అడిగేది ఫోనునే. ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మనం.

పైగా అందులో ఉన్నవన్నీ మనవి కావు. చెల్లెలి స్కానింగ్ రిపోర్టు, అప్పు అడుగుతూ మిత్రుడు పెట్టిన మెసేజి, తోటి ఉద్యోగి చెప్పుకున్న గోడు కూడా ఉంటాయి. "నాకు దాచుకోవడానికేం లేదు" అని మన తరఫున చెప్పగలం కానీ వాళ్ళ తరఫున చెప్పలేం.

తాళం లోపలి తాళంచెవి

తెర మీద పిన్ అడిగే గడిని చాలామంది తలుపుకున్న గడియ అనుకుంటారు. అంకెలు సరిపోతే తెరుచుకుంటుంది, లేకపోతే లేదు, అంతే అని. పదిహేనేళ్ళ కిందటి ఫోన్లలో చాలావరకు అంతే. ఆ గడిని తప్పించుకుని, మెమరీ చిప్‌ను విడదీసి చదివితే అన్నీ బయటపడేవి.

ఇప్పటి ఫోన్లో సమాచారమంతా ఎన్‌క్రిప్షన్‌లో, అంటే రహస్య లిపిలో ఉంటుంది. దాన్ని తిరిగి చదవడానికి 256 బిట్ల తాళంచెవి కావాలి. అటువంటి తాళంచెవులు ఎన్ని సాధ్యమో రాయాలంటే 78 అంకెల సంఖ్య రాయాలి. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిసి వెతికినా దొరికేది కాదు. అందువల్ల దాని జోలికి ఎవరూ పోరు. మనిషి పెట్టుకున్న పిన్‌ను ఊహించబోతారు.

పిన్‌కూ ఆ పెద్ద తాళంచెవికీ సంబంధమేమిటి? ఐఫోను సంగతి చూద్దాం. దాని చిప్‌లో తయారీ సమయంలోనే ఒక రహస్య సంఖ్యను నాటుతారు. అది ఒక్కో ఫోనుకు ఒక్కోటి. చిప్ బయటికి రాదు, చేసిన కంపెనీకీ తెలియదు. మనం పిన్ కొట్టగానే ఆ అంకెల్నీ ఈ రహస్య సంఖ్యనూ కలిపి వేలసార్లు గిరగిరా తిప్పి తాళంచెవిని తయారుచేస్తుంది. ఈ పనికి దాదాపు 80 మిల్లీసెకన్లు పట్టేలా కావాలనే అమర్చారు. మనకు అది కనురెప్పపాటు కన్నా తక్కువ. ఊహించేవాడికి మాత్రం ప్రతి ప్రయత్నానికీ అంత సమయం పడుతుంది. చిప్‌లోని సంఖ్య బయటికి రాదు కాబట్టి, మెమరీని కాపీ చేసుకుపోయి పెద్ద కంప్యూటర్ మీద ప్రయత్నిద్దామంటే కుదరదు. ప్రతి ఊహా ఈ ఫోను మీదే జరగాలి.

లెక్క వేద్దాం. నాలుగంకెల పిన్లు పదివేలు. ఒక్కోదానికి 80 మిల్లీసెకన్లంటే మొత్తం 800 సెకన్లు, పదమూడు నిమిషాల పైచిలుకు. ఆరంకెలవి పది లక్షలు, వాటికి సుమారు 22 గంటలు. చిన్న ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు పెట్టుకుంటే అయిదున్నర ఏళ్ళు. ఇది కేవలం యంత్రం ఆపకుండా ప్రయత్నిస్తే పట్టే కాలం. దానికి తోడు వరసగా తప్పులు కొడుతుంటే ఫోను ఒక నిమిషం, అయిదు నిమిషాలు, పావుగంట, గంట అని గడువు పెంచుకుంటూ పోతుంది. పదో తప్పుకు అంతా చెరిపెయ్యమని ముందే చెప్పి ఉంచవచ్చు కూడా.

ఆండ్రాయిడ్ కూడా ఇదే బాట పట్టింది. 2016లో ఏడో వెర్షన్ నుంచి ఒక్కో ఫైలునూ విడిగా ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి వచ్చింది. 2019లో పదో వెర్షన్‌తో వచ్చే కొత్త ఫోన్లన్నిటికీ, చవకవాటితో సహా, ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అయింది. కాబట్టి మీ చేతిలో ఉన్న ఫోను మరీ పాతది కాకపోతే ఇప్పటికే రహస్య లిపిలో ఉంది. మీరు పిన్ పెట్టలేదంటే మాత్రం ఫోను తన తాళంచెవిని అడిగినవాడికల్లా తనే అందిస్తుంది. బీరువాకు తాళం వేసి తాళంచెవి దానికే వేలాడదీసినట్టు. పిన్ పెట్టడమంటే ఫోనుకు కొత్తగా ఒక పని చెప్పడం కాదు, అది రోజూ చేస్తున్న పనికి ప్రయోజనం కలిగించడం.

దీన్ని మీరే చూడవచ్చు. పిన్ పెట్టిన ఫోనును ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి. పిన్ కొట్టకుండా అలాగే ఉంచి, ఇంట్లోవాళ్ళను మీ నంబరుకు ఫోన్ చెయ్యమనండి. ఫోను మోగుతుంది. కానీ తెర మీద "అమ్మ" అని పడదు, ఉత్త నంబరు పడుతుంది. పేర్ల జాబితా ఇంకా రహస్య లిపిలోనే ఉంది మరి. పిన్ కొట్టేదాకా అమ్మ ఎవరో ఫోనుకే తెలియదు. కొట్టిన మరుక్షణం వాట్సాప్ మెసేజిలన్నీ బిలబిలా వచ్చి పడతాయి.

ఈ తాళం ఎంత గట్టిదో 2016లో లోకానికి తెలిసింది. అంతకు ముందు డిసెంబరు 2న కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో కాల్పులు జరిగి 14 మంది చనిపోయారు. నిందితుడి ఐఫోన్ 5సీ ఎఫ్‌బీఐ చేతికి వచ్చింది కానీ తెరుచుకోలేదు. తప్పుల మీద గడువు పెంచకుండా, సమాచారం చెరపకుండా ఉండే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ రాసి ఇమ్మని ఫిబ్రవరి 16న కోర్టు ఆపిల్‌ను ఆదేశించింది. ఒక్క ఫోనుకని రాస్తే అది అన్ని ఫోన్లకూ పనికొస్తుందని ఆపిల్ నిరాకరించింది. మార్చి 28న ప్రభుత్వం, వేరేవాళ్ళ సాయంతో ఫోను తెరిచామంటూ కేసు వెనక్కి తీసుకుంది. ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒక దేశపు దర్యాప్తు సంస్థను ఓ చిన్న పిన్ వారాల తరబడి నిలబెట్టగలిగింది. డబ్బూ నైపుణ్యమూ ఉంటే పాత ఫోనును ఎవరో ఒకరు చివరికి తెరవగలిగారు. బస్సులో ఫోను దొరికినవాడి దగ్గర ఆ రెండూ ఉండవు.

నాలుగంకెల బలహీనత

పిన్ అంటే నాలుగంకెలే అన్న అలవాటు ఏటీఎంల నుంచి వచ్చింది. 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు పెట్టిన యంత్రం వెనక ఉన్నది జాన్ షెపర్డ్ బారన్. ఈయన పుట్టింది మన షిల్లాంగ్‌లో. తన సైనిక నంబరు తలచుకుని ఆరంకెలు పెడదామనుకున్నాననీ, నాలుగుకు మించి గుర్తుండవని భార్య కరోలిన్ అనడంతో తగ్గించాననీ ఆయన చెప్పుకున్నాడు.

గుర్తుండాలన్న ఆ కోరికే తాళానికి చేటు. పదివేల పిన్లున్నాయి, నిజమే. అందరూ వాటిని సమానంగా పంచుకుంటే ఊహించేవాడికి పది ప్రయత్నాల్లో దొరికే అవకాశం వెయ్యిలో ఒకటి. కానీ 2012లో నిక్ బెర్రీ అనే డేటా శాస్త్రవేత్త అంతకుముందు బయటపడ్డ నాలుగంకెల పాస్‌వర్డ్‌లు సుమారు 34 లక్షలు పోగేసి చూస్తే 1234 ఒక్కటే దాదాపు 11 శాతం. 1111 ఆరు శాతం. 0000 దాదాపు రెండు. మొదటి ఇరవై కలిపితే నాలుగో వంతు దాటాయి. 2580 అన్నది కూడా జనం విరివిగా వాడే పిన్నే. ఎందుకో తెలియాలంటే కీప్యాడ్ మధ్య వరసను పైనుంచి కిందికి చదవండి.

తర్వాతి గుంపు తేదీలది. రోజూ నెలా కలిపి పెట్టేవాళ్ళకు ఉన్నవి 366 పిన్లే. పుట్టినరోజేమో ఆధార్ కార్డు మీద అచ్చువేసి పర్సులోనే ఉంటుంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో వేసిన అంచనా ప్రకారం పుట్టినరోజు ఆధారంగా ప్రయత్నించే తెలివైన దొంగకు 11 నుంచి 18 పర్సులకు ఒకటి చొప్పున ఏటీఎం పిన్ దొరుకుతుంది. మన ఊళ్ళలో ఇంకో అలవాటు కూడా ఉంది, బండి నంబరు. బండి నంబరు బండి మీదే రాసి ఉంటుంది.

ఆరంకెలు పెట్టుకుంటే చాలా? 2020లో జర్మనీ, అమెరికా పరిశోధకులు దీన్ని పరీక్షించి ఆశ్చర్యపోయారు. కొద్ది ప్రయత్నాలకే అవకాశమిచ్చే ఫోన్లలో, జనం తమంతట తాము ఎంచుకున్న ఆరంకెల పిన్లు నాలుగంకెల వాటికన్నా ఏమంత గట్టిగా లేవు. 1234 పెట్టేవాళ్ళు ఇప్పుడు 123456 పెడుతున్నారు, అంతే తేడా. అంకెల సంఖ్య పెంచితే కాదు, వాటికీ మనకూ సంబంధం లేకుండా చేస్తేనే బలం.

మరి సంబంధం లేని ఆరంకెలు ఎక్కణ్ణుంచి తేవాలి? జేబులోంచి ఒక కరెన్సీ నోటు తియ్యండి. దాని వరస సంఖ్యలో చివరి ఆరంకెలు తీసుకోండి. అవి మీ పుట్టినరోజును ఎరగవు, మీ బండిని ఎరగవు. రెండు రోజులు కొట్టేసరికి బుర్రకన్నా ముందు వేళ్ళు నేర్చుకుంటాయి. నేర్చుకున్నాక ఆ నోటుతో కూరగాయలు కొనెయ్యండి.

కళ్ళకు కనిపించే తాళం

చుక్కలు కలుపుతూ గీసే ప్యాటర్న్ లాక్ మన దగ్గర చాలామందికి ఇష్టం. తొమ్మిది చుక్కల మీద గీయగల ప్యాటర్న్‌లు 3,89,112. లెక్క ప్రకారం నాలుగంకెల పిన్‌కన్నా ముప్ఫై తొమ్మిది రెట్లు మేలు. ఆచరణలో తలకిందులు. 2017లో అమెరికా నౌకాదళ అకాడెమీ, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు, ఫోను తెరుస్తున్న వీడియోలు జనానికి చూపి పరీక్షించారు. ఆరు చుక్కల ప్యాటర్న్‌ను ఒక్కసారి చూసినవాళ్ళలో 64 శాతం మంది తిరిగి గీసేశారు. ఆరంకెల పిన్‌ను ఒక్కసారి చూసి చెప్పగలిగినవాళ్ళు 11 శాతం లోపే. మన కన్ను ఆకారాన్ని ఇట్టే పట్టుకుంటుంది, అంకెల వరసను పట్టుకోలేదు. ముగ్గు ఒక్కసారి చూసి వేసేవాళ్ళున్నారు, అపరిచిత ఫోన్ నంబరు ఒక్కసారి విని చెప్పేవాళ్ళు అరుదు.

గీత తెర మీద జాడ కూడా వదులుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2010లో అద్దం మీది వేలి జిడ్డును ఫొటోలు తీసి పరిశీలించారు. ఒక ప్రయోగంలో 92 శాతం సార్లు ప్యాటర్న్ కొంతవరకూ, 68 శాతం సార్లు పూర్తిగానూ దొరికింది. భోంచేశాక ఫోను తీసి, ట్యూబ్‌లైటుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. మీ గీత మీకే కనిపిస్తుంది.

మరి వేలిముద్ర? పరాయివాడి వేలు మీ ఫోనును పొరపాటున తెరిచే అవకాశం యాభై వేలలో ఒకటని ఆపిల్ లెక్క, ముఖంతో తెరిచేదానికైతే పది లక్షల్లో ఒకటి. ఎవరూ తొంగిచూసి దొంగిలించలేరు, మరిచిపోయే బెంగ లేదు. అయితే అది పిన్‌కు బదులు రాదు. వేలు పెట్టిన ప్రతిసారీ సెన్సరుకు కనిపించే బొమ్మ కాస్త మారుతుంది. తడి, దుమ్ము, కోణం, ఏదో ఒక తేడా. "దాదాపు సరిపోయింది" అన్నదానితో తీర్పు చెప్పవచ్చు కానీ తాళంచెవిని లెక్కగట్టలేం, ఆ లెక్కకు ప్రతి బిట్టూ సరిపోవాలి. అందుకని పిన్ ముందు తాళంచెవిని తయారుచేసి పెడితే, వేలిముద్ర దాన్ని పగలంతా అందిస్తూ ఉంటుంది. ఫోను ఆపి వేసినప్పుడూ, ఐఫోన్లో రెండు రోజులు తాళమే తియ్యనప్పుడూ, ఆండ్రాయిడ్‌లో మూడు రోజులకోసారీ "పిన్ కొట్టండి" అని అడగడం యంత్రం చాదస్తం కాదు. వేలిముద్ర అరువు తెచ్చుకున్న అధికారం అంతటితో తీరిపోయిందన్నమాట.

అసలు అధికారం పిన్‌దే కాబట్టి పిన్ చూసి, ఆపై ఫోను లాక్కునే దొంగలు బయల్దేరారు. అమెరికా బార్లలో ఇలాంటివి జరుగుతున్నాయని 2023లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. 2024 జనవరిలో ఆపిల్ ఓ కొత్త రక్షణ తెచ్చింది. ఇల్లు, ఆఫీసు కాని చోట కీలకమైన మార్పులకు పిన్ చాలదు. ముఖమో వేలో చూపాలి, కొన్నింటికి గంటసేపు ఆగాలి కూడా.

ఇంట్లోవాళ్ళ నుంచి

ఫోనును అనుమతి లేకుండా చూసేది ఎక్కువగా ఎవరు? "మీరు ఇంకొకరి ఫోను దొంగచాటుగా చూశారా?" అని నేరుగా అడిగితే ఎవరూ నిజం చెప్పరు. 2016లో లిస్బన్, బ్రిటిష్ కొలంబియా పరిశోధకులు ఓ ఉపాయం వాడారు. జనాన్ని రెండు గుంపులు చేసి, మొదటి గుంపుకు మామూలు వాక్యాల పట్టిక ఇచ్చి "వీటిలో ఎన్ని మీకు వర్తిస్తాయి?" అని సంఖ్య మాత్రం అడిగారు. రెండో గుంపుకు అదే పట్టికలో "ఇంకొకరి ఫోను అనుమతి లేకుండా చూశాను" అన్న వాక్యం అదనంగా చేర్చారు. ఎవరు ఏది ఒప్పుకున్నారో ఎవరికీ తెలియదు, రెండు గుంపుల సగటుల తేడా మాత్రం గుట్టు చెబుతుంది. అమెరికా వాడకందార్లలో ఏడాది కాలంలో ఆ పని చేసినవాళ్ళు దాదాపు 31 శాతమని తేలింది. ముగ్గురిలో ఒకరన్నమాట. వాళ్ళు చూసేది బస్సులో ఎదురైనవాళ్ళ ఫోను కాదు, పక్కనున్నవాళ్ళదే.

మన ఇళ్ళలో ఈ ముడి ఇంకా బిగువు. 2018లో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మహిళలతో మాట్లాడి చేసిన ఒక అధ్యయనం ఈ సంగతే చెప్పింది. ఆడవాళ్ళ ఫోను ఇంటిల్లిపాదిదీ అన్నట్టే నడుస్తుంది. పిల్లలు ఆడుకుంటారు, అత్తగారు వీడియోలు చూస్తారు, భర్త అడిగితే ఇవ్వాలి. ఫోను మొత్తానికి తాళం వేస్తే "ఏం దాస్తున్నావు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. అందుకే వాళ్ళలో చాలామంది ఒక్కో యాప్‌కు విడిగా తాళం వేసుకుంటున్నారు, చూపించకూడని మెసేజిని చెరిపేస్తున్నారు. తాళం వెయ్యాలా వద్దా అన్నది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది కానీ ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్నదే దాన్ని తేలుస్తుంది. భార్యాభర్తలు ఒకరి పిన్ ఒకరికి ఇష్టంగా చెప్పుకుంటే అది నమ్మకం. చెప్పక తప్పని స్థితి ఉంటే అది నమ్మకం కిందికి రాదు.

ఇంటి బయట అధికారమున్నవాళ్ళూ ఉన్నారు. 2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు దారిన పోయేవాళ్ళను ఆపి, గంజాయి మాట కోసం వాట్సాప్ చాట్లు వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చి పెద్ద చర్చ జరిగింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. వేలిముద్ర ఇవ్వడం తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పడం కిందికి రాదని అదే కోర్టు 1961లోనే అంది. నోటితో చెప్పాల్సిన పిన్ సంగతి వేరని వాదించేవాళ్ళున్నారు.

తాళానికయ్యే ఖర్చు

విసుగు సంగతి కూడా కొలిచినవాళ్ళున్నారు. 2014లో జర్మనీ పరిశోధకులు వాడకందార్ల ఫోన్లలో లెక్క పెడితే సగటున రోజుకు 48 సార్లు తాళం తీస్తున్నారు. ఫోను వాడే సమయంలో దానికి పోయేది మూడు శాతం. వేలిముద్ర వచ్చాక అది ఇంకా తగ్గింది. విసుగు ఇప్పుడు పెద్ద సాకు కాదు.

ప్రమాదం సంగతి అలా కొట్టిపారెయ్యలేం. రోడ్డు మీద పడిపోయిన మనిషి ఇంటికి ఎవరు చెప్పాలి? దీనికి 2005లో బ్రిటన్ అంబులెన్స్ ఉద్యోగి బాబ్ బ్రాచీ ఒక మార్గం చెప్పాడు. ఫోన్‌బుక్‌లో ఆపదకు పిలవాల్సినవాళ్ళను ఐసీఈ (ఇన్ కేస్ ఆఫ్ ఎమర్జెన్సీ) అన్న పేరుతో రాసుకోమన్నాడు. తాళాలొచ్చాక ఆ పేరు లోపలే చిక్కుకుపోయింది. ఇప్పటి ఫోన్లు దాన్ని తాళం బయటికి తెచ్చాయి. సెట్టింగుల్లో అత్యవసర సమాచారం అన్న చోట రక్తపు గ్రూపు, మందులు, ఇంటివాళ్ళ నంబర్లు నింపితే, తాళం తియ్యకుండానే ఎవరైనా ఆ నంబర్లకు ఫోన్ చెయ్యవచ్చు. 112కు ఎలాగూ తాళం అడ్డం రాదు. ఈ సమాచారం నింపని ఫోనుకు మాత్రం పై అభ్యంతరం వర్తిస్తూనే ఉంటుంది.

మరిచిపోవడం అన్నిటికన్నా బరువైనది. పిన్ లేకపోతే తాళంచెవి లేదు, తాళంచెవి లేకపోతే సమాచారం లేదు. కంపెనీ దగ్గరికి వెళ్ళినా, షాపువాడు చేసేదల్లా అంతా చెరిపి కొత్తఫోనులా ఇవ్వడమే. పెద్దవయసువాళ్ళ విషయంలో, హఠాత్తుగా చనిపోయినవాళ్ళ విషయంలో ఇది కుటుంబాలను నిజంగా బాధిస్తుంది. చివరి ఫొటోలు, బీమా కాగితాలు, ఎవరికెంత బాకీ అన్న లెక్క అన్నీ ఆ పిన్‌తోపాటే పోతాయి. దీనికి మందు తాళం మానెయ్యడం కాదు. ఫొటోలను మరోచోట బ్యాకప్ పెట్టడం, పిన్‌ను కాగితం మీద రాసి ఇంట్లో పత్రాలతోపాటు దాచి ఒకరికి చెప్పడం. ఫోను దొంగ ఇంట్లోని కాగితాన్ని చూడలేడు. పిన్ కాగితం మీద రాయకూడదన్న మాట పర్సులో పెట్టే కాగితానికి వర్తిస్తుంది.

తాళం చేరని చోట

తెర తాళం సిమ్‌ను కాపాడదు. ఫోను దొరికినవాడు సిమ్ పీకి తన ఫోనులో వేసుకుంటే ఓటీపీలన్నీ అక్కడికే పోతాయి. మీ నంబరుతో వాట్సాప్ కూడా తెరవవచ్చు. సిమ్‌కు వేరే పిన్ ఉంటుంది, సెట్టింగుల్లో పెట్టుకోవాలి. ముందే ఉన్న పిన్ ఏమిటో మీ సిమ్ కంపెనీని అడిగి మొదలుపెట్టండి, ఊహించబోకండి. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే నంబరు అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే సిమ్ చచ్చిపోతుంది. వాట్సాప్‌లోని రెండంచెల పిన్ కూడా ఇందుకే. తాళం వేసిన తెర మీద మెసేజి మొత్తం కనిపించేలా ఉంచితే ఓటీపీ చదవడానికి తాళం తియ్యనవసరమే లేదు, దాన్ని ఆపెయ్యండి.

ఫోను పోయాక తాళం మనకిచ్చేది సమయం. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టమైతే బ్యాంకుకు చెప్పేదాకా పోయింది ఖాతాదారుదే, చెప్పిన తర్వాత పోయేది బ్యాంకుది. తాళం లేని ఫోనుకు ఆ మధ్యకాలం నిమిషాల్లో ఖరీదైపోతుంది. తాళమున్న ఫోనుకు సిమ్ ఆపించడానికీ, బ్యాంకుకు చెప్పడానికీ, డబ్బు పోతే 1930కు ఫోన్ చెయ్యడానికీ, సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరుతో ఫోనును పనిచెయ్యకుండా చేయించడానికీ వ్యవధి దొరుకుతుంది. ఆ ఐఎంఈఐ ఎంతో *#06# కొట్టి ఇవాళే రాసి పెట్టుకోండి, పోయాక కొట్టడానికి ఫోను ఉండదు.

కాబట్టి తీర్పు ఇది. ఫోనుకు తాళం వెయ్యాలి. మీకు సంబంధం లేని ఆరంకెల పిన్, దాని మీద వేలిముద్ర, సిమ్‌కు పిన్, తాళం బయట ఇంటివాళ్ళ నంబరు, ఇంట్లో ఒక కాగితం. గ్యాలరీలో ఉన్న డెబిట్ కార్డు ఫొటోను, వాట్సాప్‌లో పంపిన దాన్ని కూడా, మొదట చెరిపెయ్యండి. అన్నీ కలిపి అరగంట పని, ఈ అధ్యాయం మూసి ఇప్పుడే మొదలుపెట్టండి.